రెండో కంచం

పెళ్ళయి నలభై రోజులు. జెమీమా మదనపల్లెలో, రూబెన్ కుప్పంలో. అతను పనిచేసే సాస్ ఫ్యాక్టరీకే ఆమె మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాలు కొంటుంది. ఆమె నింపి పంపిన క్రేట్లను అక్కడ దించుకునేది అతనే. ఖాళీవి కడిగి లారీలో వెనక్కి పంపేటప్పుడు ఒకదానికి నీలం దారం కట్టి, అడుగున ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం పెట్టేవాడు. దారం కనబడిన పూట ఆమెకు ఇట్టే గడిచిపోయేది. అద్దెగదికి వెళితే మాత్రం ఒక్కటే కంచం.

డిసెంబరులో మేనేజరు ఫోన్ చేశాడు. "మధ్యలో ఆ యార్డు మండీ ఎందుకమ్మా? మన లారీ వచ్చేది పుంగనూరు మీదే కదా. ఆ పక్కన చౌడేపల్లె రైతుల దగ్గర నేరుగా కొందాం. ఏడాది పొడుగునా ఇవ్వగలరేమో చూసి రాయి. ఇస్తారంటే మదనపల్లెలో మన కొనుగోలు ఆఫీసు మూసేస్తాం, నువ్వు కుప్పం వచ్చేయొచ్చు."

ఆ సాయంత్రమే ఆమె రెండో కంచం కొంది.

చౌడేపల్లెలో నారాయణప్ప తోట ఎర్రగా విరగకాసి ఉంది. "ఇంత కాయ ఇంకెవురి దగ్గరుండాది సెప్పమ్మా? నీ లారీకి మేమే సాలు," అన్నాడు.

బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు ఆగి ఆగి వచ్చాయి.

"ఎండాకాలం ఎట్లా పెద్దమ్మా?" అని జెమీమా అతని భార్య ఆదిలక్ష్మమ్మను అడిగింది.

"మార్చి దాకా పరవాలేదు. ఆ పైన ఆవులకు తాపేదానికే సాలవు. ఊర్లో అన్ని బోర్లూ అంతే. ఈయప్ప ఎవురడిగినా ఉండాయనే అంటాడు. కొత్త పెండ్లికూతురివి, నీతో అబద్ధం యాల?"

"సూసినావా, ఇదీ నా సంసారం," అని నారాయణప్ప నవ్వాడు.

బస్సులో ఆమె 'ఇవ్వగలరు' అని మనసులో రెండుసార్లు రాసుకుంది. రెండుసార్లూ మే నెల కళ్ళముందుకొచ్చింది. లారీ ఫ్యాక్టరీకి ఖాళీగా వెళ్తుంది. పని లేదని రోజుకూలీలను గేటు నుంచే ఇంటికి పంపే మాట రూబెనే చెప్పాలి.

గదిలో కూర్చుని రాసింది: "మార్చి దాకా సగం సరుకు చౌడేపల్లెలో కొనవచ్చు. తక్కిన సగం, మార్చి తర్వాత మొత్తం, మండీలోనే కొనాలి. అక్కడికి చాలా ఊళ్ళ కాయ వస్తుంది కనుక ఒక ఊరి బోర్లు ఎండినా లారీ ఆగదు. మదనపల్లె ఆఫీసు ఉండాలి." ఆ చివరి వాక్యానికే చాలాసేపు పట్టింది.

రిపోర్టు లారీలో వెళ్ళింది. మూడో రోజు నీలం దారం క్రేటులో పొట్లంతో పాటు చీటీ వచ్చింది. "మేనేజరు నీ రిపోర్టు చూపించినాడు. బాగా రాసినావు. అందుకే కోపంగా ఉండాది."

పొట్లం రోజూ కన్నా పెద్దది. జెమీమా తన కంచంలో చెనక్కాయలు పోసుకుని, ఒక్కొక్కటే ఒలుస్తూ, తొక్కలు రెండో కంచంలో వేసింది.