ఇద్దరం చేసిన అప్‌డేట్

చిలాచాప్ రేవులో నా నోటికి జడవనివాళ్లు లేరు. చేపల వేలంపాట వాళ్లు కూడా నన్ను చూస్తే గొంతు తగ్గిస్తారు. బాపక్ తుగిమిన్ ముందు మాత్రం నాకు నోరు పెగలదు. రేవు ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్దాయన, వచ్చే నెల రిటైరవుతున్నారు; పెద్దల్ని మేం 'బాపక్' అనే పిలుస్తాం. ఆయన మాటకు అడ్డు చెప్పడమంటే మా ప్రాంతంలో ముఖం మీద కొట్టినట్టే.

పడవలకు అలల హెచ్చరికలు పంపే కంప్యూటర్‌ను అప్‌డేట్ చెయ్యమని పైనుంచి ఉత్తరం వచ్చింది. అందుకు రెండు పనిముట్లున్నాయి. సిస్టమ్‌తో వచ్చిన పాతది, ఏ ప్రోగ్రాము దేనిమీద ఆధారపడిందో చూసుకుంటూ నిదానంగా మారుస్తుంది. కొత్తది నేరుగా నెట్ నుంచి తెచ్చి పెట్టేస్తుంది. ఏదో ఒకటే పట్టుకోవాలి; రెండూ వాడితే ఒకటి పెట్టినదాన్ని రెండోది పీకేస్తుంది. ఇంత తెలిసీ, త్వరగా తెములుతుందని సోమవారం ఆయన్ను అడగకుండా కొత్తదాంతో సగం కానిచ్చేశాను.

మంగళవారం పొద్దున పదిన్నరకు బాపక్ వేడి మెందోవాన్ బజ్జీల పొట్లంతో వచ్చి కూర్చున్నారు.

"ఏమ్మా రెత్నో, పాతదాంతోనే కానిద్దామా? నా ముసలి చేతులకు అదే అలవాటు."

"అలాగే బాపక్."

"నువ్వేం ముట్టుకోలేదుగా?"

"అబ్బే, లేదు."

ఎలా వచ్చిందో నా పాడునోట్లోంచి ఆ మాట!

పది నిమిషాల్లో తెరనిండా ఎర్ర అక్షరాలు. హెచ్చరికల ప్రోగ్రాము లేవనే లేదు. కాసేపటికే వాతావరణం ఆఫీసు నుంచి ఫోను: నాలుగు మీటర్ల అలలు వస్తున్నాయి, పడవల్ని వెనక్కి పిలవండి. సముద్రంలో పన్నెండు పడవలున్నాయి. ఒకదాంట్లో మా తమ్ముడు గిలాంగ్ ఉన్నాడు. అంతదూరం ఫోన్లు అందవు, మా కంప్యూటర్ చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.

"బాపక్, నిన్న నేను కొత్తదాంతో సగం చేశాను," అన్నాను ఏడుస్తూ.

"అయ్యో తల్లీ, ఇందాక అడిగాను కదే," అన్నారాయన. తిట్టినా బాగుండేది.

అన్నీ తీసేసి మొదటినుంచి ఎక్కించడం మొదలుపెట్టారు. మా దిక్కుమాలిన నెట్ మూడు గంటలు ఈడ్చింది. ఆ తెరను చూస్తూ కూర్చోవడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు.

హెచ్చరిక వెళ్లేసరికి రెండు దాటింది. సాయంత్రానికి పదకొండు పడవలు వచ్చాయి. గిలాంగ్ పడవ రాలేదు.

అమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "ముందే ఎందుకు పిలవలేదు బాపక్?"

"తప్పు నాదేనమ్మా. అప్‌డేట్ చేసింది నేనే," అన్నారాయన, తల వంచుకుని.

అమ్మ ఆయన చొక్కా పట్టుకుని గుంజింది. ఆయన కదల్లేదు, నావైపు చూడనూ లేదు. నేను వెళ్లి అమ్మ చేతులు విడిపించాను.

"వదిలెయ్యమ్మా," అన్నాను. "పెద్దాయన, పొరపాటు పడ్డారు."