వేళ్లతో సహా

గునపం పోటుకు ఎర్రమట్టి పెళ్లలుగా లేచింది. సోంబరు కాఫీ మొక్క మొదలు పట్టుకుని వెనక్కి వాలాడు. వేళ్లు పటపటమంటూ తెగాయి. ఆరో రోజిది. తన అరెకరం తోటలో ఒక్క వరుసే మిగిలింది.

అతని అరచేతులు బెరడులా పగిలిపోయాయి. ఇరవై ఏళ్లుగా అరకు కొండల్లో, పరాయి తోటల్లో, ముసలి కాఫీ మొక్కల్ని మోకాలెత్తున నరకడమే పని. నరికిన మోడు మళ్లీ చిగురుస్తుంది. అతనికి తెలిసిన విద్య అదొక్కటే.

నిరుడు ఈ వరుసలో కాండం తొలిచే పురుగు కనబడింది. కాఫీ బోర్డు తరఫున తోటలు చూసే సురేంద్ర ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి, "ఇవన్నీ రూట్ ఔట్ చేసెయ్" అని బండెక్కాడు. సోంబరు తలూపాడు. అదేమిటని అడగడానికి సిగ్గేసింది. తనకు తెలిసినట్టే మోకాలెత్తున నరికాడు. పైగా అవి చనిపోయిన భార్య నాటిన మొక్కలు. మోళ్లలో బతికిన పురుగుకు రెక్కలొచ్చాయి. తోటంతా గుడ్లు పెట్టింది.

కాలేజీ సెలవులకొచ్చిన కూతురు గాయత్రి కాగితం చదివాకే సంగతి బయటపడింది.

"రూట్ ఔటంటే నరకడం కాదయ్యా. వేళ్లతో సహా పీకి పారెయ్యడం."

"నిరుడే సెప్పొచ్చు కదే, గుంటా!"

"నువ్వు సూపిత్తే కదా! సూరులో దోపీసినావు."

గట్టు అవతల భీముడి తోట. పురుగు మళ్లీ ఎగిరేలోపు ఇక్కడ ఒక్క మోడు మిగిలినా అదీ పోతుంది.

మధ్యాహ్నం భీముడు గట్టెక్కి నిలబడ్డాడు. "ఏటి మాఁవా, ఇంగ్లీషొచ్చీసిందా?"

"వొచ్చిందిరా. తోట పోనాక వొచ్చింది." సోంబరు గునపం దించాడు. "నీది మాత్రం పోనివ్వను. అన్నీ రూట్ ఔట్ సేసే ఇంటికెల్తాను."

భీముడు నవ్వబోయి ఆగిపోయాడు. "నేనూ ఓ సెయ్యేత్తాను."

"వొద్దు. తప్పు నాది."

పొద్దు వాలేసరికి ఆఖరి మోడు ఊడివచ్చింది. సోంబరు దాన్ని, పీకిన మొక్కల్ని తగలబెడుతున్న మంట దాకా మోసుకెళ్లి, వేళ్ల మట్టి దులిపి, లోపలికి తోశాడు. "అయిపోనాది" అన్నాడు. వెనక్కొచ్చి ఆ మోడు ఊడిన గుంత పక్కన కూర్చున్నాడు. చెయ్యి రొమ్ము మీద వేసుకుని మెల్లగా పక్కకు ఒరిగాడు.

గాయత్రి పిలిచింది. రెండోసారి పిలుస్తూ పరుగెత్తింది. భీముడు గట్టు దూకాడు. అప్పటికే ఊపిరి లేదు.

ఇద్దరూ అతన్ని మోసుకుని కొండ దిగాక, ఖాళీ తోటలో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్టు కొమ్మకు అతని సొరబుర్ర వేలాడుతూ ఉండిపోయింది. అందులో రాగి అంబలి సగం అలాగే ఉంది. మూతికి కుక్కిన ఆకు ఇంకా వాడలేదు.