రెండో ట్యూబు

సీనియర్ టెక్నీషియన్ పోస్టుకి నోటీసు బోర్డులో పెట్టిన అర్హతలన్నీ నాకున్నాయి, ఒక్కటి తప్ప. డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, ఈ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులోనే కావలసినంత అనుభవం ఉంది. చివరి లైను దగ్గరే వచ్చింది చిక్కు: "ఒత్తిడిలోనూ ప్రశాంతంగా ఉండగలగాలి." ఇంట్లో చదివి వినిపిస్తే మా అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వా? పాలు పొంగితే వీధి చివరిదాకా వినపడుతుంది నీ గొంతు. ఆ లైను చూడనట్టే ఉండి దరఖాస్తు పెట్టెయ్," అంది. మా ఆయన నవ్వలేదు గానీ మొహం దుప్పట్లో దాచుకున్నాడు. అదీ నవ్వే.

ఆ పోస్టులో ఉన్న మా పెద్దసారు రిటైరయ్యాడు. ఇంటర్వ్యూలు అయ్యేదాకా ఆయన కుర్చీ నాకప్పగించారు. వెళ్ళేరోజు తాళాలు నా చేతిలో పెట్టి, "బాధ్యతలేంటో తెలుసుగా?" అన్నాడు. మెషీన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటం, జూనియర్లకి నేర్పడం, రిపోర్టులు సరిచూసి సంతకం పెట్టడం అని గడగడా అప్పజెప్పాను. "అవి సరేనమ్మా. అనుమానం వస్తే ఆపాలి. ఆపితే అందరూ తిడతారు. ఆ తిట్లు తినడమే నీ అసలు పని," అన్నాడు. నాకేమో తిట్టడం అలవాటు గానీ తినడం అలవాటు లేదు. పైగా అప్పటిదాకా నేను పరీక్ష చేస్తే సంతకం ఆయనది. ఇంటికెళ్ళి హాయిగా పడుకునేదాన్ని. సంతకం నాదయ్యాక నిద్రలో కూడా ట్యూబులే కనిపించాయి.

ఆరోజు మధ్యాహ్నం మా జూనియర్ పిల్ల పిలిచింది. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంటుందని దాన్ని తుమ్మెద అంటాం. అప్పుడు మాత్రం రాగం లేదు.

"అక్కా, ఒకసారి ఇలా రా. కాన్పుల వార్డు నాలుగో మంచం."

నాలుగో మంచం ఆవిడకి పొద్దున కవలలు పుట్టారు. రక్తం ఆగకపోతే ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళారు. వెంటనే రక్తం కావాలని ఫోను మీద ఫోను. పొద్దున వార్డు నించి వచ్చిన ట్యూబులో ఆవిడ గ్రూపు ఓ అని తేలింది. కిందటిసారి ఆవిడ వచ్చినప్పటి వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి. అందులో బి అని ఉంది.

మనిషికి కోపం మారుతుంది, బుద్ధి మారుతుంది, రక్తం గ్రూపు మారదు. మారినట్టు కనిపించిందంటే రెండిట్లో ఒకటి వేరేవాళ్ళ రక్తమన్నమాట. ఏది?

ఫోను మోగింది. సర్జన్ గారు. "బి అని మీ కంప్యూటరే చెబుతోంది కదా! బి పంపడానికి ఏం రోగం? ఇక్కడ మనిషి పోతోంది!"

"ఓ గ్రూపు బ్యాగులు పంపుతున్నాను సార్. అవి ఎవరికైనా సరిపడతాయి. ఈలోగా ఆవిడ దగ్గర ఇంకో శాంపిల్ తీసి పంపండి. అది చూడందే బి పంపను."

"ఎవరు మాట్లాడుతోంది? మీ పెద్దాయన్ని పిలువు!"

"పెద్దాయన లేరు సార్. నేనే."

ఆ తర్వాత ఆయన అన్నవన్నీ ఇక్కడ చెప్పను. ఫోను పెట్టేయకుండా మొత్తం విన్నాను. ఓ గ్రూపు బ్యాగులు వెళ్ళాయి, కొత్త ట్యూబు వచ్చింది. పరీక్ష చేస్తే బి. పొద్దున వచ్చిన ట్యూబే తప్పు. ఈసారి బి బ్యాగులు పంపించాం. కాసేపటికి థియేటర్ నించి కబురు: రక్తస్రావం ఆగింది, తల్లి గండం గడిచింది.

అమ్మయ్య! ఏనుగెక్కినంత సంబరం. తుమ్మెద మళ్ళీ రాగం అందుకుంది. పక్కగదిలో ఇద్దరం టీ తాగాం. అత్తగారికి ఫోన్ చేసి, "ఆ చివరి లైను కూడా ఉంది నాకు, తెలుసా?" అందామనుకున్నాను కూడా.

తిరిగొచ్చి ఆ తప్పు ట్యూబుని పక్కన పెట్టబోతూ చేతిలో అటూ ఇటూ తిప్పాను. "అంత గోల చేశావే, ఇంతకీ నువ్వెవరి దానివే?" అన్నాను దానితో, ముద్దుగానే.

అన్నానో లేదో, ఆ ప్రశ్న తిరిగొచ్చి నాకే తగిలింది.

ఇందులో ఉన్నది వేరేవాళ్ళ రక్తమైతే, నాలుగో మంచం ఆవిడ రక్తం ఇంకెవరి ట్యూబులో ఉంది? తారుమారు అన్నాక ఒక్కటే ఎలా తప్పవుతుంది? రెండోది ఉండాలిగా! పొద్దున ఆ వార్డు నించి ఒకే కవరులో రెండు ట్యూబులు వచ్చాయి. నాలుగో మంచానిదొకటి, అయిదో మంచానిదొకటి. అయిదో మంచం ఆవిడకి రక్తం బాగా తక్కువని, ఆపరేషన్‌కి ముందు ఒక బ్యాగు ఎక్కించాలన్నారు. ఈ ఆసుపత్రికి రావడం ఇదే మొదలు, పోల్చుకోవడానికి పాత వివరాలు లేవు. ట్యూబులో బి అని వచ్చింది. బి బ్యాగుతో కలిపి చూస్తే బ్రహ్మాండంగా కలిసింది. కలవక ఏం చేస్తుంది, ఆ ట్యూబులో ఉన్నది నాలుగో మంచం ఆవిడ రక్తమాయె!

"తుమ్మెదా, అయిదో మంచం బ్యాగు వెళ్ళిందా?"

"ఇందాకే తీసుకెళ్ళారక్కా. నువ్వే కదా సంతకం పెట్టావు."

ఓ గ్రూపు మనిషికి బి రక్తం ఎక్కితే ఒళ్ళు దాన్ని ఒప్పుకోదు. ఎక్కిన కణాలన్నీ లోపలే పగిలిపోతాయి. ముందు చలి పుడుతుంది, తర్వాత నడుం నొప్పి, తర్వాత మూత్రం ఎర్రబడుతుంది, కిడ్నీలు చేతులెత్తేస్తాయి. ప్రాణమే పోవచ్చు. ఇవన్నీ పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

వార్డుకి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. సగంమంది థియేటర్ దగ్గరే ఉన్నట్టున్నారు. "నువ్వు చేస్తూనే ఉండు," అని తుమ్మెదకి ఫోను అప్పగించి పరిగెత్తాను. లిఫ్టు ఎక్కడో పై అంతస్తులో ఆగిపోయి ఉంది. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశాను. దేవుడా, దేవుడా అనుకుంటూ ఎక్కాను. ఆవిడెవరో నాకు తెలియదు. ఎంత వయసో, పిల్లలున్నారో లేదో తెలియదు. తెలిసిందల్లా ఆవిడ రక్తం ఒక్కటే, అదీ తప్పే.

వార్డు గుమ్మంలోంచే కనపడింది. బ్యాగు వేలాడుతోంది. గొట్టంలో ఎర్రగా ఉంది. చుక్క పడుతోంది.

ఒక్క అంగలో వెళ్ళి గొట్టం బిగించేశాను. మంచం పక్కన కూర్చున్న పెద్దావిడ, ఆవిడ తల్లి కాబోలు, "అయ్యో, ఎందుకమ్మా ఆపావు? ఇప్పుడే కదా మొదలెట్టారు," అంది. మంచం మీదావిడ దుప్పటి గడ్డందాకా లాక్కుని ఉంది.

"చలేస్తోందమ్మా," అంది కూతురు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"సిస్టర్!" అని అరిచాను. అత్తగారు చెప్పిన ఆ గొంతే. వీధి చివరిదాకా కాదు, ఆసుపత్రి నాలుగు మూలలా వినపడి ఉంటుంది. "సిస్టర్! ఈ రక్తం ఈవిడది కాదు! గొట్టం మార్చి సెలైన్ పెట్టండి! డాక్టర్ని పిలవండి!"

నలుగురూ పరిగెత్తుకొచ్చారు. పొద్దున శాంపిళ్ళు తీసిన సిస్టర్‌కి విషయం అర్థమై మొహం తెల్లబోయింది. "నాలుగో మంచం ఆవిడకి నొప్పులు ఎక్కువయ్యాయని కంగారులో రెండు ట్యూబులూ ట్రేలో పెట్టుకెళ్ళి, పేర్లు బల్ల దగ్గర అంటించాను మేడమ్," అంది ఏడుస్తూ. కడిగిపారేయాల్సిన మాటే. కానీ ఆ హక్కు నాకేది? ఒక ట్యూబు తప్పని పట్టుకుని, రెండోది ఏమైందని అడక్కుండా టీ తాగొచ్చిన దాన్ని నేను.

డాక్టరు తీసిచ్చిన ఆవిడ రక్తం పట్టుకుని కిందికెళ్ళాను. ట్యూబుని మెషీన్లో పెట్టి తిప్పితే కణాలు అడుక్కి దిగి, పైన నీరు తేలుతుంది. పసుపుగా ఉంటే బతికిపోయినట్టు. ఎర్రగా ఉంటే లోపల రక్తం పగిలిపోతున్నట్టు. అది తిరుగుతున్నంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. మూత తీసే ధైర్యం లేదు. తుమ్మెద తీసి వెలుతురులో పట్టుకుంది.

లేత గులాబీ రంగు. కొంచెం పగిలింది. కొంచెమే.

సాయంత్రందాకా డాక్టర్లు ఆవిడ పక్కనే ఉన్నారు. చలి తగ్గింది. నడుం నొప్పి రాలేదు. మూత్రం ఒకసారి రంగు మారి, మళ్ళీ తేటపడింది. ఎక్కింది కొద్దిగానే కాబట్టి ప్రమాదం తప్పిందన్నారు. కానీ ఆవిడకి రక్తం ఎక్కించక తప్పదు. మళ్ళీ శాంపిల్ తియ్యాలి.

పెద్దావిడ మంచానికి అడ్డంగా నిలబడింది. "మళ్ళీనా? ముట్టుకోనివ్వను. అసలేం జరిగిందో ఒక్కరైనా చెప్పరేం?"

సంతకం నాది. చెప్పాను. "పెద్దమ్మా, మీ అమ్మాయి పేరుతో వేరేవాళ్ళ రక్తం పరీక్ష చేశాం. సరిపడని బ్యాగు పంపాం. సంతకం పెట్టింది నేనే."

కొడుతుందనుకున్నాను. కుర్చీలో కూలబడింది. "అయితే ఈసారి నువ్వే తియ్యి," అంది. "పేరు ఇక్కడే, నా కళ్ళ ముందర రాయి."

నేనే రక్తం తీశాను. ట్యూబు పక్కకి పెట్టకుండా, మంచం అంచునే కూర్చుని పెన్ను తీశాను.

"నీ పేరు చెప్పు తల్లీ."

చెప్పింది. రాశాను.

"ఇంకోసారి చెప్పు."

"వినపడలేదా అక్కా?"

"వినపడింది. ఇంకోసారి చెప్పు."