ఇథనాల్ సీసా మీద గీత

నేను అనుమానం మనిషిని. పాలవాడు మా వాకిట్లోకి వస్తే పాల కంటే ముందు తన ముఖం సర్దుకుంటాడు. కెమిస్ట్రీ చెప్పేదానికి ఆ గుణం ఉండాల్సిందేనంటారు మా ఆయన మహిపాల్, వెక్కిరింపుగా.

నాందేడ్‌లో మా జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో ఇథనాల్ తరిగిపోతోంది. తాళంచెవి నా దగ్గర, ఫిజిక్స్ అనంతరాములు సార్ దగ్గర, అటెండర్ సీతారాం దగ్గర మాత్రమే ఉంది. సార్ నిజామాబాద్ వైపు పెద్దమనిషి, నుదుట బొట్టు చెరగదు. సీతారాం ముద్ఖేడ్ నుంచి రోజూ రైల్లో వచ్చే కాంట్రాక్టు మనిషి. మరాఠీవాడే గానీ మాతో తిరిగి తెలుగు నేర్చాడు. నా చూపు అతని మీదే పడింది.

"వాడే తాగుతున్నడమ్మా. ప్రిన్సిపాల్‌కు చెప్పి తీసేపిద్దాం," అన్నాడు సార్.

సీసా అడుగున మిగిలిన మట్టానికి గీత గీశాను. "ఇంతకన్న తగ్గితే నీ కొలువు పోతది," అన్నాను సీతారాంతో. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. తల ఊపాడు. ఆ తరువాత మట్టం గీత దిగలేదు. దొంగకు బాగా భయం పట్టిందనుకున్నాను.

ఈ వారం పన్నెండో తరగతి వాళ్లకు ఆల్కహాళ్లు మండించే ప్రయోగం. ఒక్కో బుడ్డిదీపంలో ఒక్కో ఆల్కహాల్ పోసి, పైన రేకుడబ్బాలో నీళ్లు కాచి, ఎంత మండితే నీళ్లు ఎంత వేడెక్కాయో చూడాలి. మిథనాల్ ఇచ్చే వేడి తక్కువ, ఇథనాల్‌ది అంతకంటే ఎక్కువ, ప్రొపనాల్‌ది ఇంకా ఎక్కువ. లహరి అనే పిల్లకు ఇథనాల్, మిథనాల్ రెండూ దాదాపు సమానంగా వచ్చాయి.

"పక్కదాంట్ల చూసి రాసినవా?" అని గద్దించాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనే మళ్లీ వెలిగించి చూశాను. అదే వచ్చింది.

అయితే సీతారాం తాగి నీళ్లు కలిపి ఉంటాడు. కాల్చి తెల్లబరిచిన మైలుతుత్తం పొడి మీద ఆ సీసాలోవి నాలుగు చుక్కలు వేశాను. నీళ్లుంటే పొడి నీలమవ్వాలి. తెల్లగానే ఉంది. పక్కనున్న మిథనాల్ సీసా చూశాను. సగం ఖాళీ. ఇథనాల్‌లో కలిసింది ఇదే. మిథనాల్ విషం. రెండు గుక్కలకే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు.

సీతారాంను పిలిచి తలుపు వేశాను. "నిజం చెప్పు. సీసలది తాగినవా?"

"దేవాశప్పథ్ మ్యాడం, నేను ముట్టలే." గీత వైపు వేలు చూపించాడు. "పొద్దుగాల చూస్తే గీతకు కిందికుంటుండె. ఆవిరైతుందేమో అనుకున్న. మీరు నన్నే అంటరని పక్క సీసలకెల్లి దీంట్ల పోసిన. కాలవెట్టేదే గద, ఎవలు తాగుతరనుకున్న?"

గీత గీసింది నేనే. సిగ్గేసింది, భయమూ వేసింది. అయినా పాడు అనుమానం చావలేదు. అతని ముందు వేళ్లు పెట్టి ఎన్నని అడిగాను. సరిగ్గానే చెప్పాడు.

అప్పుడే అనంతరాములు సార్ తలుపు తోసుకుని వచ్చాడు. సీతారాం మీద ఫిర్యాదు రాసి, నా సంతకం కోసం తెచ్చాడు.

"ఏందమ్మా, లైటు వెయ్యలేదు?"

లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

"సార్, ఇథనాల్ సీసల ఉన్నది మిథనాల్," అన్నాను. "తాగినోళ్లు ఇప్పుడే దవాఖానకు పోవాలె. లేకుంటే బతకరు."

కాగితం ఆయన చేతిలోంచి జారింది. వంగి తడుముకున్నాడు. అది ఆయన కాలి పక్కనే ఉంది.

"నిన్న సాయంత్రం కొంచమే..." అన్నాడు. "కొంచమైతే ఏం గాదు గద, ప్రవీణమ్మా?"

నేను నోరు తెరిచేలోపే సీతారాం వెళ్లి ఆయన జబ్బ పట్టుకుని బయటికి నడిపించాడు. మెట్ల దగ్గర సార్ ఆగి, ఆ చేతిని తడిమి చూశాడు.

"ఎవలు?"

"నేనే సార్, సీతారాం."