నడుంబండి ప్రెస్‌నోట్

అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ గెల బరువు గురించి చెప్పేవాళ్ళందరూ కాస్త కలిపే చెబుతారు. పోయిన ఏడు ఒక గెల చెట్టు మీంచి పడితే వేంసూరులో తోడేసిన పెరుగు చెదిరిందట. అంత లేదు గానీ, పాతిక ముప్పై కిలోలు తూగుతుంది, ఒళ్ళంతా ముళ్ళుంటాయి. దాన్ని నెత్తికెత్తుకుని బురదలో నడిచి నిలువెత్తు ట్రాలీలోకి విసరాలంటే ఆడమనిషి నడుము ఎన్నాళ్ళో ఆగదు. ఈ మాటలో మాత్రం ఒక్క కిలో కూడా కలపలేదు.

సోమ్లి నడుము పదేళ్ళు ఆగింది. పన్నెండు మంది తండా ఆడవాళ్ళ గెలల ముఠాకు ఆమే పెద్ద. ఏ తోటకు పోవాలో, ఎవరు ఏ సాలు ఎత్తాలో ఆమె చెప్పిందే. ఒకరోజు గెలకు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. తమ్ముడు కోటేష్ ఆమెను ఆ వంపు మీదే ఆటో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోతుంటే, దారిలో ఒకాయన ఏం పారేసుకుందని అడిగాడు కూడా.

కోటేష్ కూడా ఒకప్పుడు గెలలు మోసినవాడే. పదో తరగతి పాసై, వెల్డింగ్ నేర్చి, రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్నాడు. అక్కను దవాఖానా నుంచి తెచ్చిన వారం మొదలు ఆ షెడ్డులో ఒకటే మోత. పాత మోపెడ్ చక్రాలు రెండు, ఇనుప చట్రం, ముందు ఒక తొట్టి, వెనక కాలితో తొక్కే పెడలు. తొక్కితే తొట్టి గెలతో సహా లేచి ట్రాలీ అంచు దాకా పోతుంది. మూడు నెలలు ముఠా ఆడవాళ్ళు దాన్ని తోటలో తిప్పి తిప్పి తప్పులు పట్టారు. చక్రం బురదలో దిగుతోందంటే వెడల్పు చక్రం వేశాడు. పెడలు ఏ మగాడి కాలు చూసి కొలిచావంటే కిందికి దించాడు. దానికి పేరు కూడా వాళ్ళదే, నడుంబండి. సోమ్లి నడుముకు బెల్టు కట్టుకుని మళ్ళీ పనిలోకి వచ్చింది ఆ బండి ధైర్యం మీదే.

పేరు పెట్టిన రోజు సోమ్లి అందరి ముందూ తమ్ముణ్ణి ఒక మాట అడిగింది. ఈ బండి చూసి రైతు పన్నెండు మందెందుకు, ముగ్గురు చాలు అంటే ఏం చేస్తావని.

"మనిషిని తగ్గించే రైతుకు బండి ఇయ్యను" అన్నాడు కోటేష్. "మిమ్మల్ని ఇంట్ల కూసోబెట్టనీకి చేసిన బండి కాదిది."

ఆ మాట నమ్మారు వాళ్ళు. నమ్మారు కాబట్టే మూడు నెలలు పైసా అడక్కుండా బండి తిప్పిపెట్టారు.

ఇక బండి నలుగురికీ తెలియాలి. ఇరవై బండ్లు చేయాలని కోటేష్ ఆశ. ఖమ్మంలో రైతుమేళా వస్తోంది. దానికి ముందే ప్రెస్‌నోట్ రాయించి పేపర్లకూ వెబ్‌సైట్లకూ పంపాలని, పంపిపెట్టడానికి వేరే సర్వీసులే ఉంటాయని ఎవరో చెప్పారు. కోటేష్ పిల్లను వెతికినట్టు వెతికాడు.

మొదటి సంబంధం హైదరాబాదుది, ఫోన్లో కుదిరేది. వెండి, బంగారం, వజ్రం అని మూడు ప్యాకేజీలు చెప్పిందా పిల్ల. వజ్రమైతే నాలుగు వందల వెబ్‌సైట్లలో వేస్తారట. వాటిలో అశ్వారావుపేటలో ఎన్ని చదువుతారని కోటేష్ అడిగితే, అది ఏ రాష్ట్రం సార్ అని అడిగింది. కోటేష్ దండం పెట్టి ఫోన్ పెట్టేశాడు.

రెండోది ఊరి సంబంధమే. విలేఖరి బసవపున్నయ్య. ఆయన చావు వార్త రాస్తే పోయినవాడు లేచి, నేనింత మంచోణ్ణా అని అడిగి మళ్ళీ పడుకుంటాడని పేరు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, టీ తాగి, ఒక్క ప్రశ్న వేశాడు.

"బండి బాగనే ఉంది. మోసే ఆడోళ్ళు ఏమంటున్నరు? నేను తోటకొస్త. మీ అక్కను, ముఠాను అడిగి, వాళ్ళు చెప్పిందే రాస్త."

ఇదంతా బాగానే ఉంది గానీ ఆయన వార్త పడేది మండలం పేజీలో. ఆ పేజీ పక్క మండలానికి పోదు. పోయిన నెల ఎవరిదో ఆయిల్ ఇంజన్ వార్త తప్పిపోయిన బర్రె ప్రకటన పక్కన పడింది. బర్రె దొరికింది గానీ ఇంజన్ను ఎవరూ కొనలేదు. కోటేష్ మర్యాదగా వద్దన్నాడు. ఇంటికొచ్చి ఆ బర్రె సంగతి చెప్పి నవ్వాడు. ముఠా కూడా నవ్వింది.

మూడోది జస్టిన్.

జస్టిన్‌ది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. మేడ మీద గది, రెండు కంప్యూటర్లు, తలుపు మీద మీడియా సర్వీసెస్ అని బోర్డు. ఖమ్మం నుంచి ఏలూరు దాకా విలేఖరులందరి మెయిళ్ళూ, పామాయిల్ రైతుల వాట్సాప్ గ్రూపులూ అతని దగ్గరున్నాయి. కానీ కోటేష్ చూసింది వాటిని కాదు. ఇద్దరూ మిషన్ హాస్టల్లో ఒకే చాప మీద పడుకుని చదువుకున్నవాళ్ళు. ఆదివారం ఆదివారం సోమ్లి తమ్ముడి కోసం జొన్న రొట్టెలు మోసుకొచ్చేది. మొదట నాలుగు తెచ్చేది, జస్టిన్ ఆకలి చూశాక ఎనిమిది తెచ్చేది. ఇప్పటికీ క్రిస్మస్‌కు తండాకు కేకు పంపుతాడు, అక్కకు అని పేరు రాసి.

"నువ్వు చెప్పు, నేను రాస్త. పంపేది కూడా నేనే" అన్నాడు జస్టిన్. కోటేష్ గంటసేపు చెప్పాడు. అక్క వంగిపోయిన రోజు నుంచి ముఠాకు ఇచ్చిన మాట దాకా ఒక్కటీ వదల్లేదు. జస్టిన్ తలూపుతూ రాసుకున్నాడు. వార్త పంపేవాడికి ముందు ఆ వార్త అర్థం కావాలి, అక్క రొట్టె తిన్నవాడి కంటే ఎవడికి అర్థమవుతుంది అనుకుని కోటేష్ ఇంక వేరే సర్వీసు వెతకలేదు.

గురువారం మిట్టమధ్యాహ్నం జస్టిన్ ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాడు. 'మా అక్క నడుము కోసం ఈ బండి చేశాను, దీనివల్ల ఒక్క కూలీ పని కూడా పోదు అని కోటేష్ తెలిపారు' అన్న చోట కోటేష్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెల్డింగ్ పొగ అని సర్ది చెప్పుకున్నాడు. ఆ వెనకే మూడు పేజీల పీడీఎఫ్ వచ్చింది, కింద 'ఓకేనా' అని. చేతులకు గ్రీజు, ఫోన్ మీద ఎండ. విన్నదాన్ని మళ్ళీ చదవడమెందుకని బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి పంపాడు. వెనకటి తరం సిరా అంటిన బొటనవేలితో పొలాలు పోగొట్టుకుంది. కోటేష్ చదువుకున్నవాడు కాబట్టి వేలికి సిరా అంటలేదు.

శనివారం పొద్దున వార్తలు వచ్చేశాయి. జస్టిన్ నలభై లింకులు పంపాడు. కోటేష్ వాటిని తెరవనైనా లేదు. ముఠాతో కలిసి వినాలని రెండు కిలోల జిలేబీ కొనుక్కుని, ముఠా అన్నాలు తినే వేళకు తోటకు చేరాడు. ఆడవాళ్ళు మట్టల నీడన వరసగా కూర్చున్నారు. వాళ్ళల్లో ఇంటర్ చదివిన రూప్లి చేతికి ఫోనిచ్చి, అందరికీ వినపడేలా చదవమన్నాడు. అక్క పేరు వచ్చినచోట ఇంకా గట్టిగా చదవమన్నాడు.

రూప్లి గొంతు సవరించుకుంది. హెడ్డింగు 'కూలీల బెడదకు చెక్' అని ఉంది. ఎవరో వేరే కూలీల సంగతేమో అనుకున్నారందరూ. రూప్లి చదువుకుంటూ పోయింది. ఇద్దరుంటే పన్నెండు మంది పని అయిపోతుందట. అక్కడ ఆమె గొంతు నెమ్మదించింది. తర్వాత ఆగింది.

"చదువు, ఆగినవేంది" అన్నాడు కోటేష్. ఏ విలేఖరో కలగాపులగం చేసి ఉంటాడు, కింద అక్క మాట వస్తుంది, అంతా సర్దుకుంటుంది అని అతని నమ్మకం.

రూప్లి తల ఎత్తకుండా చదివింది. "'నేనూ గెలలు మోసినవాణ్ణే. కూలీలు ఎంతసేపు మోస్తారో, ఎంతసేపు నీడన కూర్చుంటారో నాకు తెలిసినట్టు రైతుకు తెలియదు. ఆ బాధ తీర్చడానికే ఈ బండి తయారు చేశాను' అని ఆవిష్కర్త కోటేష్ తెలిపారు."

పన్నెండు మందీ నీడనే కూర్చుని ఉన్నారు.

ఒకామె చేతిలోని జిలేబీని కొరక్కుండానే మళ్ళీ కాగితంలో పెట్టింది. సోమ్లి పేరు ఆ వార్తలో ఎక్కడా లేదు. కోటేష్ ఏదో అనబోయేసరికి రూప్లి చేతిలో ఫోన్ మోగింది. ఆమె ఎత్తి, స్పీకర్ నొక్కి, అతని మొహం ముందు పట్టింది. దమ్మపేట రైతట. వార్త చూశాడట. "ఆ ఇద్దరు మనుషుల బండి మీదేనా అండి? నా దగ్గర పద్నాలుగు మంది ఉన్నరు. ఎంతమందిని తీసెయ్యొచ్చు?"

సోమ్లి గిన్నె మూత పెట్టి లేచింది. మిగతావాళ్ళు లేచారు. కోటేష్ చెబుతూనే ఉన్నాడు, నేనట్లా అనలేదని. గెలల చప్పుడులో ఎవరికీ వినపడలేదు, లేదా వినపడనట్టు ఉన్నారు.

ఆదివారం మొదటి బస్సుకే ఖమ్మం బయల్దేరాడు. బస్సు పొడవునా ఒకటే ఆలోచన. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, వేరేవాళ్ళ నోటు కలిసిపోయి ఉంటుంది, జస్టిన్ తల పట్టుకుని కూర్చుని ఉంటాడు. అతణ్ణి ఎలా ఓదార్చాలో కూడా అనుకుంటూ పోయాడు. షేర్ ఆటో దిగి మెట్లెక్కేసరికి జస్టిన్ చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. చూడగానే నవ్వి, ఫోన్లు ఎన్ని వచ్చాయని అడిగాడు.

"నాకు చదివింది ఒకటి. పంపింది ఇంకోటి" అన్నాడు కోటేష్.

జస్టిన్ బుకాయించలేదు. బుకాయించినా బాగుండేది. "చదివింది నీకోసం రాసిన. పంపింది రైతు కోసం. బండి కొనేది రైతు గదరా, అక్క కొంటదా?"

"కావాలనే రాసినవా?"

"రెండు దినాలు కూసోని రాసిన. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే ఎవడేస్తడు? నీకు పీడీఎఫ్ పంపిన గదా, ఓకే అన్నవ్." ఫోన్ తీసి ఆ బొటనవేలు చూపించాడు కూడా.

"ఆమె రొట్టె తిన్నవ్ గదరా."

"అందుకే గదా, అందరి పనీ పక్కనబెట్టి నీదే ముందు చేసిన" అన్నాడు జస్టిన్. అతని మొహంలో ఎక్కడా వేళాకోళం లేదు. నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. కోటేష్‌కు అదే ఎక్కువ గుచ్చుకుంది.

దీన్ని సవరిస్తూ ఇంకో నోటు పంపమంటే, పంపితే వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయన్నాడు. అయినా పోయిన వార్త వెనక్కు రాదన్నాడు. బూరుగుకాయ పగిలాక దూదిని పేరు పెట్టి పిలిస్తే వస్తుందా అని అతనే సామెతలా చెప్పాడు. హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మాటలు బాగా కట్టేవాడు. కోటేష్ చెప్పులు వేసుకున్నాడు. టీ తాగి పొమ్మని జస్టిన్ మెట్ల దాకా వచ్చాడు.

తిరుగు బస్సులో ఫోన్ మోగుతూనే ఉంది. ఎంతమందిని తగ్గించవచ్చని అడిగిన ప్రతివాడికీ, అట్లాంటి బండి అమ్మడం లేదని చెప్పాడు కోటేష్. ఇచ్చిన మాట ప్రకారం ఒక్కరికీ బండి ఇవ్వలేదు. ఒకాయన మాత్రం, పేపర్లో నువ్వే అన్నావు గదా అని నిలదీశాడు.

పొద్దు వాలేసరికి సోమ్లి గడపలో కూర్చున్నాడు. జస్టిన్ సంగతంతా చెప్పాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది.

"పేపరోళ్ళకు పంపకముందు నీకు పంపిండా?"

"పంపిండు."

"చదివినవా?"

"చదవలేదక్కా. బొటనేలు పెట్టిన."

ఆమె ఒక రాయి ఏరి బయటికి విసిరింది. "పున్నయ్య వచ్చి మమ్మల్ని అడుగుతనన్నడు. నువ్వే వద్దన్నవ్. బర్రె పక్కన పడతమని నవ్వినవ్."

"రేపు పున్నయ్యను తోలుకొస్త. నువ్వు ఏం చెప్తే అదే రాస్తడు."

"ఏం చెప్పాలె? మా తమ్ముడు మంచోడని చెప్పాల్నా?"

బియ్యంలో రాళ్ళు అయిపోయాయి. అయినా ఆమె చాట వదల్లేదు. కోటేష్ లేచి వచ్చేశాడు.

సోమవారం తెల్లవారగానే బండి తోసుకుంటూ తోటకు పోయాడు. గట్టు మీద నిలబెట్టాడు. ముఠా వచ్చింది. పన్నెండు మందీ బండిని చూసి, దాని పక్కనుంచి తిరిగి, సాళ్ళల్లోకి దిగారు. గెల నెత్తికెత్తి, బురదలో నడిచి, ట్రాలీ దగ్గర ఊపిరి బిగబట్టి విసురుతున్నారు. సోమ్లి కూడా. బెల్టు ఆమె చీర మీంచి కనిపిస్తోంది.

కోటేష్ తలకు తువ్వాలు చుట్టాడు. అక్క సాల్లోకి దిగి ఒక గెలకు వంగాడు. మోత మానేసి ఏడేళ్ళయింది, ఎక్కడ పట్టాలో చెయ్యి మరిచిపోయింది. ముల్లు అరచేతిలో దిగింది.

సోమ్లి ఆగింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరి మధ్యా లంబాడీ తప్ప వేరే మాట లేదు. తిట్టినా అందులోనే, నిన్న బియ్యం ఏరుతూ అడిగిందీ అందులోనే. తెలుగు మాట్లాడేది రైతుతో, ఆఫీసరుతో, బస్సు కండక్టరుతోనే. ఇప్పుడామె తెలుగులో అంది.

"మీకెందుకు సారూ. జరుగుండ్రి, ముండ్లుంటయ్."

కోటేష్ జరగలేదు. నెత్తురు తువ్వాలుకు తుడిచి, గెలను భుజానికెత్తి ట్రాలీ దాకా మోశాడు. పైన నిలబడి సర్దుతున్న రూప్లి దాన్ని అందుకుంది, అందరి గెలా అందుకున్నట్టే, అతని మొహం చూడకుండా. వెనక్కి వచ్చేసరికి సోమ్లి ఆ సాలు అతనికి వదిలేసి పక్క సాలుకు మారిపోయింది.

కోటేష్ రెండో గెలకు వంగాడు.