బైండింగు కానిదే ఇవ్వను

కొత్త పుస్తకాలు వచ్చాయంటే నాకు తలనొప్పి. సైనిక్‌పురిలోని మా చిన్న లైబ్రరీకి ఏడాదికొకసారి కట్టలు దిగుతాయి. సాహిత్యం మీద, చరిత్ర మీద, రాజకీయాల మీద లావుపాటి పరిశోధనలు. అట్ట చూస్తే శుభలేఖలా మెరుస్తుంది, నలుగురు తిరగేసేసరికి కాగితాలన్నీ ఊడి చేతిలోకి వస్తాయి. అందుకే పదకొండేళ్ళ కిందట నేనొక రూలు పెట్టాను. గట్టి అట్ట వేయించనిదే ఏ కొత్త పుస్తకమూ ఎవరి చేతికీ ఇవ్వను. లెక్చరర్లు అలిగారు. రిటైరైన కర్నలొకాయన కమిటీకి ఉత్తరం రాశాడు. నేను దిగిరాలేదు. 'మేబెల్ మేడం రూలు' అని వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

ఈసారి కట్టలో నాటకాల మీద ఒక పుస్తకం ఉంది. సికింద్రాబాదు కార్మికుల నాటక సమాజాల చరిత్ర. కట్ట విప్పిన మధ్యాహ్నమే సోమయ్యగారు వచ్చారు. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, రోజూ నేరేడ్‌మెట్ నుంచి నడిచి వచ్చి పేపరు చదువుకుంటారు. ఆ రోజు పేపరు ముట్టలేదు.

"మేడం, గా నాటకాల బుక్కు వచ్చిందంట గద. అండ్ల నా ఫోటో ఉన్నది. జెర సూపిస్తరా?"

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఒక నాటకంలో ఆయన రాణి వేషం కట్టారట. ఆ వేషంలో ఉన్న ఒకే ఒక్క ఫోటోను ఈ పుస్తకం రాసిన పెద్దమనిషి వచ్చి అడిగి పట్టుకుపోయాడట. మళ్ళీ ఇవ్వలేదు. నాలుగు ఉత్తరాలు రాస్తే, "పుస్తకంలో వేశాను, అందులో చూసుకోండి" అని ఒక కార్డు ముక్క పడేశాడట. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. అయినా రూలు రూలే.

"బైండింగు అయి రానివ్వండి సోమయ్యగారూ. పది రోజులు."

"ఇంటికి తీస్కపోను మేడం. ఈడనే, మీ ముందల్నే. ఒక్క పేజీ. ఫోటో దొరికిందని మా ఇంటామె విమలమ్మకు సుత చెప్పిన."

"మీకు చూపిస్తే రేపు అందరూ అడుగుతారు."

పుస్తకం నా మోచేతి కిందే ఉంది. తెరవడానికి ఒక్క నిమిషం చాలు. తెరవలేదు.

పది రోజులన్నది ఇరవై ఆరు రోజులైంది. కార్ఖానా బస్తీలో మా బైండింగు పని చూసే తుకారాం ఫోనులో రేపంటాడు, ఎల్లుండంటాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. సోమయ్యగారు మాత్రం రోజూ గుమ్మంలో ఆగి, నా మొహం చూసి, పేపరు దగ్గరికి వెళ్ళిపోయేవారు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

చివరికి వచ్చింది. ఎర్రటి గట్టి అట్ట, అంచులన్నీ నున్నగా. ఏదో పెద్ద మేలు చేస్తున్నట్టు "మొట్టమొదట మీకే" అంటూ అందించాను. ఆయన రుమాలుతో చేతులు తుడుచుకుని పేజీలు తిప్పారు.

ఫోటో పేజీ దొరికింది. అది మిగతా పేజీలకంటే వెడల్పుగా ఉండి, లోపలికి మడత పెట్టి ఉన్న పేజీ. తుకారాం అంచులు సమం చేస్తూ మడత దగ్గరే కోసేశాడు. మడిచిన ముక్క ఊడిపోయింది. కిరీటాలు పెట్టుకున్న ఏడుగురు ఉన్నారు. చివరన రాజు ఉన్నాడు. రాజు పక్కన ఎవరూ లేరు.

అక్కడికక్కడే తుకారాంకు ఫోను చేశాను.

"గా మడత బయటికి ఉబ్బి ఖరాబ్ కనవడుతుండె మేడం, సాఫ్ చేసిన. ముక్కలా? అన్నీ రద్దీ కాయితాలల్ల పోయినయ్."

ప్రచురించిన వాళ్ళకు చేశాను. వేసింది రెండొందల కాపీలేనట, ఒక్కటీ మిగల్లేదట, అసలు ఫోటో రాసినాయన దగ్గరా లేదట. ఫోను పెట్టేశాను. ఎవరిని తిట్టను? ఆ రోజు నేను ఆ పేజీ తెరిచి ఉంటే, మడత కనిపించేది. జాగ్రత్త అని చీటీ పెట్టి పంపేదాన్ని. ఏమీ లేకపోయినా ఆయన కళ్ళారా చూసుకునేవారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమయ్యగారు ఇంకా ఆ పేజీ మీదే వంగి ఉన్నారు. రాజు భుజం మీద వేలు పెట్టారు.

"ఈ గాజుల చెయ్యి నాదే మేడం."

చూశాను. మణికట్టు దాకా ఉంది.

"ఇప్పుడు ఇంటికి ఇస్తరా? విమలమ్మకు సూపెట్టాలె."

కార్డు తీసి ఆయన పేరు రాశాను. తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని అలాగే కూర్చున్నాను.

"రూల్ ఎన్ని రోజులు మేడం?" అని ఆయనే అడిగారు.

రూలు పద్నాలుగు. ముద్ర వేయకుండానే పుస్తకం ఆయన చేతికిచ్చాను.