అట్టకు సరిపోనివాళ్ళు

దర్జీకి వెన్నబావ మీద కోపం ఈనాటిది కాదు. అక్కను చేసుకున్న మొదటి నెలలోనే ఇస్త్రీపెట్టె అడిగి పట్టుకెళ్ళి, తొమ్మిదేళ్ళకు పిడి లేకుండా తిరిగిచ్చిన మనిషి ఆయన. మాట వెన్న, చేత సున్నం. అలాంటివాడు ఒక పొద్దున నవ్వుకుంటూ దుకాణం మెట్లెక్కాడంటే, ఎవరి నెత్తిన రాయి పడబోతోందో అడగక్కర్లేదు.

"బామ్మర్దీ, నలభై సూట్లు! గవర్నమెంటు పని. గుడ్డ ముందు నువ్వు కొనుక్కో, తనిఖీ అవగానే డబ్బు. కొలతలు తీసే బాధ కూడా లేదు. అచ్చువాళ్ళకి."

యుద్ధం కోసం సైన్యం గాజుతొట్లలో పెంచిన సిపాయిల్ని ఆ ఊళ్ళో అచ్చువాళ్ళనేవారు. అందరిదీ ఒకటే ముఖం, ఒకటే ఎత్తు, ఒక్కొక్కడికి ఆరుగురి బలం. తొట్టిలో ఉన్నప్పటి నుంచే వాళ్ళ చెవుల్లో రెండే ముక్కలు పాడి వినిపించారట: ఆజ్ఞే అన్నం, ప్రశ్నే విషం. వీళ్ళు నవ్వరు, ఏడవరు, ఎదుటివాళ్ళ ముఖం చూడరు, లావెక్కరు అని సైన్యమే కాగితాలు అచ్చేసి పంచింది. యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. ఊరికి నలభై మంది చొప్పున పంచి, ఖాళీ గదులున్న ఇళ్ళలో దింపారు.

పదకొండేళ్ళు వాళ్ళ యూనిఫారాలు కుట్టింది దర్జీయే. మేకుకు వేలాడే ఒకే ఒక్క కొలతల అట్ట. ఛాతీ నలభై నాలుగు, నడుము ముప్పై నాలుగు, మెడ పదహారున్నర. అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టిన మనిషి. ఎక్కాలన్నీ మరిచిపోయాడు గానీ ఈ ఎక్కం మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పడు. కళ్ళు మూసుకుని కత్తిరించాడు. భార్య కాజాలు కుట్టింది. ఇరవై రోజుల్లో నలభై సూట్లు దండెం మీద బారుగా వేలాడాయి.

మొదట వేసి చూసుకోవడానికి వచ్చినవాడు ముప్పైరెండు. అది వాడి నంబరు. పేరు ఎవరూ పెట్టలేదు. రొట్టెలావిడ ఇంటి మేడమీద గదిలో ఉంటాడు. పక్కకి తిరిగి, తలవంచి, గుమ్మంలోంచి లోపలికొచ్చి కోటు తొడుక్కున్నాడు. గుండీకీ కాజాకీ మధ్య మూడంగుళాల ఎడం మిగిలింది.

"ఊపిరి బిగబట్టు" అన్నాడు దర్జీ.

బిగబట్టాడు. దర్జీ ఈ వైపు లాగాడు, ఆ వైపు లాగాడు, సుద్దముక్క వెతికాడు, సుద్దముక్క మింగేసిన దుకాణాన్ని తిట్టాడు. మనిషి ముఖం వంకాయ రంగుకు తిరిగింది.

"అయ్యో, వదలమని చెప్పండి! మీరు చెప్తే తప్ప వదలడు!" అని లోపలి గదిలోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

"వదులు, వదులు!"

ఆ ఊపిరికి బల్లమీది చిత్తుకాగితాలు వీధిలోకి ఎగిరిపోయాయి. దర్జీ టేపు పెట్టి చూశాడు. నడుము ముప్పై ఏడు.

"నా అట్ట తప్పదు. తప్పింది నువ్వు. ఏం తింటున్నావు?"

"సాయంత్రం మిగిలిన రొట్టెలు సార్. ఇంటావిడ పెడుతుంది."

"అంత ఆకలా?"

"ఆకలి ఉండదు సార్. తినకపోతే ఆవిడ ముఖం చిన్నబోతుంది."

దర్జీ చేతిలో టేపు అలాగే ఆగిపోయింది. నలభై ఏళ్ళొచ్చాక కూడా తను భార్య ముఖం చూసి అన్నం తిన్న రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

"చూశారా, ముఖాలు చూడరన్నారుగా వీళ్ళు!" అంది భార్య.

"చూడటం ఎప్పుడు నేర్చుకున్నానో తెలీదు సార్" అన్నాడు ఆమెతో.

"నన్ను సార్ అనకు బాబూ, వదినా అను."

"సరే వదినా సార్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు మాత్రం నిటారుగా నిలబడి, జాబితా చదివినట్టు చెప్పాడు. "నేను రిపోర్టు చేసుకోవాలి సార్. అట్ట ప్రకారం కుట్టిన సూటు ముడత లేకుండా పట్టాలి. పట్టనివాడు పాడైనట్టు లెక్క. తొట్టికి పంపి సరిచేస్తారు."

"సరిచేస్తే?"

"రొట్టెలావిడ ఎవరో గుర్తుండదు సార్."

గొంతులో ఏ మార్పూ లేదు. చేయి మాత్రం కోటు అంచు పట్టుకుని, ఎలాగైనా పొట్ట మీదికి వచ్చేలా మెల్లగా లాగుతూనే ఉంది.

అప్పటికి గానీ దర్జీకి వెలగలేదు. తను కుట్టినవి సూట్లు కావు. నలభై మందిని పట్టే వలలు. సాయంత్రం వెన్నబావ కనబడగానే మెడమీద టేపుతోనే ఎదురెళ్ళాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఆర్డరు కాగితంలో ఉంది బామ్మర్దీ. నువ్వు చదవలేదు."

"చదివినవాడివి నువ్వు చెప్పావా?"

"చెప్పడానికేముంది? అట్ట ప్రకారం కుట్టావు. పట్టకపోతే తప్పు వాళ్ళది. నీకు పైసా పోదు."

జీవితంలో మొదటిసారి వెన్నబావ నిజం చెప్పాడు. అదే దర్జీకి ఒళ్ళు మండించింది.

మర్నాటి నుంచి మిగతావాళ్ళు వచ్చారు. ఒకడికి కుడిభుజం అంగుళం కిందికి దిగింది. ఇంటివాళ్ళ మనవరాలు రెండేళ్ళుగా బడికి ఆ భుజమెక్కే వెళ్తోంది. ఒకడు ముందుకు వంగిపోయాడు. వాడుండే ఇంటి ముసలావిడకు చెవుడు, పైగా పొట్టి. ఆవిడతో మాట్లాడాలంటే అంత దూరం దిగిరావాలి. మరొకడికి కోటు గోనెసంచిలా వేలాడింది.

"నీకేమైందిరా, చిక్కిపోయావు?"

"పోస్టాఫీసులో స్టాంపులమ్మే అమ్మాయి సార్."

"ఆ అమ్మాయి ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు సార్. అందుకే."

అట్టకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయినవాడు ఒక్కడే, పదహారు. గోదాములో కాపలా, అక్కడే పడక. ఒక్క ముడత లేదు కోటు మీద. దర్జీ పొంగిపోయాడు గానీ భార్య వాణ్ని పైనుంచి కిందికి చూసి, "పాపం, వీడికి ఎవరూ లేరా?" అని లోపలికి తీసుకెళ్ళి పీట వేసింది.

ఆ మధ్యాహ్నం దర్జీ మేకు మీది అట్ట తీశాడు. రెండుగా మడిచి, పదకొండేళ్ళుగా ఊగుతున్న కుట్టుమిషను కాలికింద పెట్టాడు. మిషను ఊగడం మానింది.

"ఏం చేస్తున్నారు?" అంది భార్య, తెలిసే.

"నేను కుట్టిన కోటు ముడతపడిందని ఎవరో పుస్తకంలో రాసుకోవడమా? అదంతే. ఇంకేం లేదు."

"నేనేమన్నాను?"

"ఏమీ అనకుండా నవ్వకు."

పదహారుది తప్ప మిగతా ముప్పైతొమ్మిది కోట్లూ విప్పాడు. వంగిన వీపుకు వెనకభాగం కొత్తది కత్తిరించాడు. దిగిన భుజం కింద దూది పొర వేశాడు. చిక్కినవాడి నడుము నొక్కి, ఛాతీలో గట్టి గుడ్డ దాచాడు. రెండు వారాలే గడువు. చేతులు చాలక సిపాయిల్నే పిలిచాడు. నలుగురు కూర్చునేసరికి దుకాణం నిండిపోయింది. వాళ్ళు కుట్టిన గుండీని గుర్రం లాగినా ఊడదు. ముప్పైరెండుకు కాజాలు కుట్టడం చూపించి, "ఇలా కుట్టుకుంటూ పో" అని చెప్పి దర్జీ గుడ్డకోసం బజారుకెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి వాడు కోటు ముగించి, ఆగమని ఎవరూ చెప్పలేదు గనక, గుమ్మానికున్న పరదా అందుకున్నాడు. పైనుంచి కిందిదాకా బారులు బారులుగా కాజాలే. నూట పన్నెండు. ఒకదానికొకటి అంగుళం ఎడం, దారం పోగు తేడా లేదు.

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! ఈ పరదాకి నూట పన్నెండు గుండీలు ఎవడు తెస్తాడురా?"

ముప్పైరెండు పరదా వైపు చూశాడు. దర్జీ వైపు చూశాడు. గొంతులోంచి ఏదో తెగినట్టు శబ్దమొచ్చింది. పొరబోయిందేమోనని భార్య వీపు తట్టింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు రెండోవాడికి, మూడోవాడికి, నాలుగోవాడికి. నలుగురిదీ అచ్చు ఒకటే నవ్వు, ఒకడి వెనక ఒకడు అందుకుంటుంటే గోడమీది కత్తెరలు గలగలలాడాయి. ఏళ్ళ తరబడి మూతి ముడుచుకున్న దర్జీకి కూడా పక్కలు నొప్పి పుట్టాయి.

నవ్వు ఆగాక అసలు భయం పట్టుకుంది. అధికారులు అడిగితే వీళ్ళు అబద్ధం చెప్పలేరు.

"నువ్వు మారావా అని అడిగితే ఏం చెప్తావు?"

"మారాను అంటాను సార్."

"సర్వనాశనం" అన్నాడు దర్జీ. "నువ్వొక్కడివి చెప్తే నలభై మందీ తొట్టికే."

ముప్పైరెండు మళ్ళీ సూది అందుకున్నాడు. తనిఖీకి మిగిలిన రెండు రోజులూ కాజాలు కుడుతూ ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు.

తనిఖీ రోజు మైదానంలో నలభై మంది వరసగా నిలబడ్డారు. ఎవరి ఇంటివాళ్ళు వాళ్ళ ఎదురుగా కంచె పట్టుకుని నిలబడ్డారు. తనిఖీకొచ్చినావిడ సన్నగా, కళ్ళజోడుతో, మాటకు మాట కొలిచి మాట్లాడే మనిషి. ప్రతి కోటు ముందూ వెనకా చూసింది. చంక కింద చూసింది. ఎక్కడా ముడత దొరకలేదు. వెన్నబావ ఈ ఘనతంతా తనదేనన్నట్టు ఛాతీ విరిచాడు. ఆవిడ ముప్పైరెండు దగ్గర ఆగింది.

"నీలో ఏమైనా మారిందా?"

కంచె దగ్గర రొట్టెలావిడ కళ్ళు మూసుకుంది. దర్జీ ఊపిరి బిగబట్టాడు. వదలమని చెప్పేవాళ్ళు లేరు.

"ఇది ఆజ్ఞా సార్, ప్రశ్నా?" అన్నాడు ముప్పైరెండు.

"ప్రశ్నే."

"ప్రశ్నే విషం సార్. మీరే నేర్పారు."

వరసలో ఎక్కడో చివర, పదహారు గొంతులో ఏదో తెగినట్టు శబ్దమొచ్చింది. దాన్ని అదిమిపెట్టడానికి పాపం వాడు పడ్డ పాట్లకి కొత్తకోటు గుండీలు బిగిశాయి. కుట్టిన చేతి పుణ్యమా అని ఊడలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సినదానికన్నా చాలాసేపు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకునేసరికి పెదవి చివర చిన్న వణుకు మిగిలింది.

"దర్జీ గారూ, మీ కుట్టు బాగుంది" అంది. "మరీ బాగుంది." నలభై నంబర్లెదురుగా సంతకాలు పెట్టి, జీపెక్కింది.

ఆ తర్వాతి గోల ఇంతా అంతా కాదు. మనవరాలు కంచెకింద నుంచి దూరి తన భుజం తనెక్కేసింది. స్టాంపుల అమ్మాయి కూడా వచ్చింది, ఊరికే చూడటానికి వచ్చానంది. రొట్టెలావిడ ముప్పైరెండు చేతిలో బుట్ట పెట్టి తిను అంది. అది ఆజ్ఞ.

ముప్పైరెండు ఇప్పటికీ మూణ్ణెల్లకోసారి నడుము వదులు చేయించుకోవడానికి వస్తాడు. వదినా సార్ కనబడితే చాలు వాడి ముఖం వెలుగుతుంది. పదహారైతే రాత్రి భోజనం ఇక్కడే. దర్జీ ఎవరి దగ్గరా కూలి తీసుకోడు గానీ, వచ్చిన ప్రతివాడికీ వెన్నబావను తిట్టి లెక్క అప్పజెప్తాడు. కొత్త గుడ్డ, దూది, అస్తరు, దారం, ఒక పరదా. అన్నీ కలిపి నష్టం అక్షరాలా పన్నెండు వేల ఆరు వందల డెబ్బై అయిదు.